ఏడో ఛానల్ ఫేడర్ గారికి ఒక బేస్ గిటారిస్టు రాయునది

సౌండ్ మిక్సర్ గాడిలో పైకి జరిపితే శబ్దం పెంచి, కిందికి లాగితే తగ్గించే మీట, మహారాజశ్రీ ఏడో ఛానల్ ఫేడర్ గారి దివ్య సముఖానికి, నల్గొండ నుంచి బేస్ గిటార్ వాయించే ఒకడు చేతులు జోడించి చేసుకుంటున్న విన్నపం.

తమరు క్షేమమేనని తెలుసు. మొన్నటి రిసెప్షన్‌లో జంట స్టేజీ ఎక్కింది మొదలు ఆఖరి బంతి లేచేదాకా తమరు గాడిలో అట్టడుగున కదలకుండా పడుకున్నారు. ఆరో ఛానల్, ఎనిమిదో ఛానల్ పైకీ కిందికీ పరుగులు పెడుతుంటే తమరికి చెమట కూడా పట్టలేదు. తమరి పాదాల దగ్గర ఎనిమిదంకె అడ్డంగా పడుకున్నట్టు ఒక గుర్తు, దాని ముందు ఒక మైనస్ అచ్చువేసి ఉంటాయి. మైనస్ అనంతం. పెండ్లివారు ఇచ్చిన డబ్బులకు ఆ హాల్లో నేను వినిపించిన సంగీతం సరిగ్గా అంతే.

ఈ సంగతి నాకు స్టేజీ మీద తెలియలేదు. తమరి గొప్పతనమే అది. నా కాళ్ల దగ్గర పెట్టిన మానిటర్ స్పీకర్‌లో నా బేస్ నాకు నిండుగా వినిపిస్తూనే ఉంది. మానిటర్‌కు పోయే శబ్దం తమరి దాకా రాకముందే ఆక్స్ అనే ఇంకో నాబ్ మీదుగా పక్కదారిన వెళ్లిపోతుంది. తమరు పడుకున్నా లేచినా దానికి పట్టింపు లేదు. హాల్లోని పెద్ద పెట్టెలకు పోయే దారి మాత్రం తమరి చేతిలో ఉంది. అంటే ఆ రాత్రి నా కచేరీకి శ్రోత ఒక్కడే. వాడు బ్లేజర్ వేసుకుని బేస్ వాయిస్తున్నాడు.

మర్నాడు మా వదిన తీసిన వీడియో చూశాను. బేస్ లేదు. ఫోన్ స్పీకర్ కదా, అంతేలే అని మొదట సర్దిచెప్పుకున్నా. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. ఫోన్‌లో ఉండే బుల్లి స్పీకర్ అంత కిందికి దిగలేదు. కానీ ఆ తీగను మీటితే 41 ఒక్కటే రాదు. దానికి రెట్టింపు 82, మూడింతలు 123, ఇలా పైవన్నీ వెంట వస్తాయి. వాటిని పట్టుకుని, వినపడని అడుగు స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. అందుకే ఎంత నాసిరకం ఫోన్లోనైనా బేస్ ఉన్న జాడ తెలుస్తుంది. వీడియోలో ఆ జాడ కూడా లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. మా బావ కారులో పెట్టి విన్నా. పెండ్లికొడుకు మేనమామ తుమ్ము స్పష్టంగా ఉంది. ఐస్‌క్రీమ్ దగ్గర గిన్నె కింద పడ్డ చప్పుడు ఉంది. నేను లేను.

మిక్సర్ చూసుకునే సౌండ్ తమ్ముడికి ఫోన్ చేశాను. సాయంత్రం సౌండ్ చెక్‌లో నా లైన్‌లో గుయ్యిమని హమ్ వస్తే తమరిని కిందికి లాగాడట. ఇంతలో పెండ్లికొడుకు నాన్న పిలిస్తే భోజనానికి పోయాడట. మరి తిన్నాక? "నీ మానిటర్ల నీకు ఇనొచ్చింది గదన్నా, ఇంకేం గావాలె?" అన్నాడు.

వాడితో కొట్లాడలేను. ప్రోగ్రాములకు నన్ను పిలిపించేది వాడే. అందుకే తమరికి రాస్తున్నా.

చిన్నాచితకా అవమానాలకు ఉత్తరాలు రాసే మనిషిని కాను. మామూలు గిటార్‌కు ఆరు తీగలు, నా బేస్‌కు నాలుగే. "రెండు తీగలు తెగిపోయినయా అన్నా?" అని అడిగేవాళ్లకు నవ్వుతూనే జవాబు చెబుతా. బస్సులో పైన సామాన్ల అరలో ఇది పట్టదు. తీగ పొడవే 34 అంగుళాలు, తలతో కలిపితే నాలుగడుగులకు కాస్త తక్కువ. దేవరకొండ దాకా మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని పోతా. మామూలు గిటార్ తీగల కన్నా దీని తీగల సెట్టు ఎంత ఖరీదో మా ఇంట్లో చెప్పను. కింది స్వరాలు వాయించడానికి కీబోర్డు మాస్టారి ఎడమచెయ్యి ఉండగా బేస్ మనిషి ఎందుకని లెక్కలేసే ఆర్గనైజర్లకు కూడా దండం పెడతా. యాంకరమ్మ అందరినీ పేరుపేరునా పరిచయం చేసి, నా దగ్గరికి వచ్చేసరికి "ఇంకో గిటార్" అని ఊరుకుంటుంది. ఆమెనూ ఏమీ అనను. తమరి కింద అంటించిన టేపు మీద కూడా స్కెచ్ పెన్నుతో 'గిటార్ 2' అనే రాసి ఉంది కదా.

కానీ ఒకటి మాత్రం మింగుడుపడటం లేదు.

ప్రోగ్రాం మంచి ఊపులో ఉండగా పెండ్లికొడుకు దోస్తులు గుంపుగా స్టేజీ ముందుకొచ్చారు. "అన్నా, బేస్ పెంచు! బేస్ పెంచన్నా!" అని చేతులూపి ఒకటే అరుపులు. ఇన్నేళ్ల సర్వీసులో బేస్ కోసం జనం అరవడం అదే వినడం. తల వంచి నమస్కారం పెట్టాను. అదీ వీడియోలో ఉంది. వాళ్లు చూసింది నా వైపు కాదు, మిక్సర్ వైపు. సౌండ్ తమ్ముడు ఏం చేశాడు? ఏడో ఛానల్‌లో ఒక మనిషి ఉన్నాడని గుర్తొచ్చిందా? లేదు. కీబోర్డు ఛానల్లో కింది స్వరాలను పెంచే 'లో' నాబ్ పట్టుకుని కుడివైపు తిప్పాడు. స్టేజీ కింద ఉన్న 18 అంగుళాల సబ్‌వూఫర్లు గర్జించాయి. "ఇగో, గిట్లుండాలె బేస్!" అని కుర్రాళ్లు ఎగిరారు. వాళ్లకు పదడుగుల దూరంలో నేను బేస్ వాయిస్తూ నిలబడి ఉన్నాను.

మన జిల్లాకు బేస్ అంటే ప్రాణం. అది కాదనను. బరాత్‌లో డీజే బండి కదిలిందంటే గడియారం సెంటర్ దాకా షట్టర్లు గడగడలాడాలి. ఛాతీలో దుమ్ముదుమ్మని తగలకపోతే పెండ్లి జరిగినట్టే కాదు. వినాయకుడిని సాగనంపడానికీ బేస్ కావాలి, నాయకుడు గెలిచినా బేస్ కావాలి. ఇంట్లో అవ్వ గుండె పట్టుకుని కూర్చున్నా, "బేస్ తగ్గియ్‌రా" అని గట్టిగా అనడానికి ఎవరికీ నోరు రాదు. ఇంత ఇష్టపడే ఊళ్లో ఆ బేస్‌ను వేళ్లతో మీటేవాడు ఒకడుంటాడన్న సంగతి ఎవరికీ పట్టదు. బేస్ పెట్టెలో పుడుతుందనుకుంటారు. బియ్యం సంచిలో పుడతాయని పట్నం పిల్లలు అనుకున్నట్టు.

ఇంకా విడ్డూరం వినండి. ఈ నల్గొండలో నా బేస్ విన్న మనిషి ఒకే ఒక్కరు, మా ఇంటి ఓనర్ అంకుల్. చిన్న ప్రాక్టీసు ఆంప్, అంటే శబ్దం పెంచే పెట్టె, పెట్టుకుని, తలుపు వేసుకుని, గొంతు తగ్గించి వాయిస్తున్నా సరే, "బాబూ, నీ గదిల ఏదో మోగుతుంది, మా బీరువా వణుకుతుంది" అని వస్తారు. ఆయన తప్పేం లేదు. 41 హెర్ట్జ్ అల ఒక్కోటి 8 మీటర్లకు పైనే పొడవుంటుంది. మన ఇటుక గోడ దానికి అడ్డు కాదు. ఇంట్లో ఎవరూ వినకూడదనుకుంటే గోడలు దాటి పోతుంది. వెయ్యి మంది కూర్చున్న హాల్లో వినాలనుకుంటే వేలెడు పొడవు లేని ప్లాస్టిక్ ముక్క ఆపేస్తుంది.

ఇక తమరు, తమరు అనడం నా వల్ల కాదు. నువ్వే.

అసలు ఈ వాద్యం ఎందుకు పుట్టిందో తెలుసా నీకు? అమెరికాలో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ అని రేడియోలు బాగుచేసే మనిషి ఉండేవాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. కానీ వాయించేవాళ్ల బాధ చెవిన వేసుకునేవాడు. అప్పట్లో బ్యాండ్లలో మనిషికన్నా ఎత్తున్న డబుల్ బేస్ ఉండేది. మోయలేక చావు, మోసుకొచ్చినా డ్రమ్ముల మధ్య, కరెంటు గిటార్ల మధ్య వినపడక చావు. అందుకని 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను అమ్మకానికి పెట్టాడు. భుజాన తగిలించుకోవచ్చు, మెట్లు ఉన్నాయి కాబట్టి స్వరం తప్పదు, ఆంప్‌కు కలిపితే హాలంతా వినపడుతుంది. బేస్ వాయించేవాడు జనానికి వినపడాలన్నదే దీని పుట్టుకకు కారణాల్లో ఒకటి. డెబ్బై ఏళ్ల కష్టాన్ని నువ్వు ఒక సాయంత్రంలో వెనక్కి తిప్పి పంపావు.

డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ అని ఒకాయన ఉండేవాడు. 1960లలో మోటౌన్ అనే రికార్డుల కంపెనీ పాటలకు, ఒకటి కాదు రెండు కాదు, బేస్ వాయించాడు. అదీ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో. ఆ రోజుల్లో ఆ కంపెనీ రికార్డుల మీద వాద్యగాళ్ల పేర్లు వేసేవాళ్లు కాదు. లోకమంతా ఆయన వేలికి డాన్సులు చేసింది, ఎవరి వేలో తెలియకుండానే. 1983లో ఆయన పోయాడు, 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు రావడం లేదు, కుళ్లు వస్తోంది. పేరు లేకపోతేనేం, ఆయన ఫేడర్ పైనే ఉంది కదా!

పాలమూరు వైపు పోదాం. పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని పాడిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. కిన్నెరకు ఎండిన సొరకాయ బుర్రలు ఉంటాయి. తీగను మీటితే ఆ బుర్రలే శబ్దాన్ని పెంచి ఊరికి వినిపిస్తాయి. మధ్యలో మిక్సర్ లేదు, సౌండ్ తమ్ముడి భోజనం లేదు. నా బేస్‌కు మెట్లు 20 ఉన్నాయి, బుర్ర మాత్రం లేదు. గట్టి చెక్క. వైరు పీకితే పక్కనున్న ప్యాడ్స్ వాయించే అన్నకు కూడా వినపడదు. నీలాంటివాడి దయ మీద బతకాలని రాసిపెట్టి ఉంది.

దయ అన్నానని పొంగిపోకు. నేనేం చేస్తానో విను. కీబోర్డు మీద 'సి', 'ఈ', 'జి' అనే మూడు స్వరాలు కలిసి మోగుతున్నాయనుకో. కింద నేను 'సి' పెడితే అది హాయిగా, ఇంటికి చేరినట్టు ఉంటుంది. పైన ఎవరూ వేలు కదపకుండా నేను ఒక్కణ్ణే 'ఏ' అనే స్వరం మీదికి దిగితే అదే మోత 'ఏ మైనర్ సెవెన్' అనే కార్డ్ అయిపోతుంది, పాట మొహంలో దిగులు వస్తుంది. నవ్వాలా, దిగులుపడాలా అన్నది కింది తీగ చెబుతుంది. ఇళయరాజా పాటల్లో అయితే బేస్ తనదైన ఇంకో పాట పాడుకుంటూ పోతుంది. అక్కడ బేస్ తీసేస్తే సగం పాటే మిగులుతుంది. ఆ రాత్రి మేం వాయించినవాటిలో రాజా గారి పాట కూడా ఉంది. దాని బేస్ నోట్సు అర్ధరాత్రిళ్లు కూర్చుని, ఒక్కో ముక్క వెనక్కి తిప్పి విని చెవితో పట్టుకున్నా. ఓనర్ అంకుల్ బీరువా సాక్షి. పెండ్లి హాల్లో ఆ సగం నువ్వు తిన్నావ్. పైగా మా మేనత్త వచ్చి, "మంచిగ కొట్టినవ్ బిడ్డా, నీ గిటార్ మస్తు ఇనొచ్చింది" అని బుగ్గ నిమిరింది. ఆమె విన్నది పక్కవాడి గిటార్. ఆ మెచ్చుకోలు తీసుకెళ్లి వాడికి ఇచ్చేయాలా, నేనే ఉంచుకోవాలా?

బేస్ వాయించేవాళ్లం ఎక్కడన్నా ఇద్దరం కలిస్తే పేర్లు తర్వాత, ముందు "మీ దగ్గర మిక్సర్ ఎవరిది?" అని అడుగుతాం. గిటార్‌వాళ్లు కలిస్తే వేగం గురించి మాట్లాడుకుంటారు, పాడేవాళ్లు కలిస్తే గొంతు గురించి. మేం మాత్రం పోలీస్ స్టేషన్ బయట కూర్చున్న ఫిర్యాదుదారుల్లాగా ఉంటాం. మహబూబ్‌నగర్‌లో ఒక పెద్దాయన తన ఉపాయం చెప్పాడు. ప్రోగ్రాంకు వాళ్ల చిన్నోణ్ణి వెంట తెచ్చుకుని మిక్సర్ పక్కన కుర్చీ వేసి కూర్చోబెడతాడట. ఫేడర్ కిందికి దిగితే వాడు లేచి నాన్నకు కర్చీఫ్ ఊపాలి. రెండు ఐస్‌క్రీములు జీతం. నాకింకా పెండ్లి కాలేదు. నీ మీద కాపలాకోసం పెండ్లి చేసుకోమంటావా?

వచ్చే ఆదివారం మిర్యాలగూడలో రైస్ మిల్లువాళ్ల ఇంట రిసెప్షన్ ఉంది. అదే మిక్సర్, అదే తమ్ముడు, అదే నువ్వు. ఈసారి సొంత ఆంప్ మోసుకొస్తున్నా. స్టూలు మీద ఎక్కించి, మొహం జనం వైపు తిప్పి పెడతా. అంత హాల్లో దాని గొంతు మూడో వరుస దాటదని నాకూ తెలుసు. మన చెవే అంత, సన్నటి గొంతులు ఎంత చిన్నగా ఉన్నా పట్టుకుంటుంది, లోతైనవి గట్టిగా కొడితే తప్ప లెక్కచేయదు. హాలు మొత్తానికి చేరాలంటే పెద్ద పెట్టెలు కావాలి, వాటికి పోవాలంటే నీ గాడిలోంచే పోవాలి.

శబ్దాన్ని పెంచక, తగ్గించక ఉన్నదున్నట్టు పంపే సున్నా గీత దాకా పైకి రా. నెత్తిన కూర్చోమనడం లేదు, సున్నా చాలు. హమ్ వస్తే వైరు మార్చమను, నిన్ను దించమనకు. ఈసారి మొదటి పాటకు ముందు నేనే మిక్సర్ దగ్గరికి వచ్చి నిన్ను చూసి పోతా. మళ్లీ అడుగున పడుకుని కనిపించావో, విరిచి జేబులో వేసుకుంటా. కొత్త ఫేడర్ ఎంతకొస్తుందో ఇప్పటికే కనుక్కున్నా. ఎక్కువేం కాదు.