సన్మాన శాలువా గారికి ఒక సంయుక్త కార్యదర్శి ఉత్తరం

మహారాజశ్రీ సన్మాన శాలువా గారి సముఖానికి,

నమస్కరించి వ్రాయు విశేషములు. ఇక్కడ మేమంతా క్షేమం. బీరువాల్లో మీరంతా క్షేమమని తలుస్తాను.

నేను మా పట్టణంలో ఒక సర్వమత సంఘానికి సంయుక్త కార్యదర్శిని. పెద్ద పదవి అనుకునేరు. అధ్యక్షులవారు మాట్లాడతారు, కార్యదర్శి నివేదిక చదువుతారు, కోశాధికారి చెక్కు మీద సంతకం పెట్టడం మర్చిపోతారు. బజారుకెళ్లి మిమ్మల్ని బేరమాడి తెచ్చేది నేను. తొమ్మిదేళ్లుగా ఇదే ఉద్యోగం. మా బ్యానర్ మీద 'ఆధ్యాత్మికత - సామాజిక న్యాయం' అని ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఒక అడ్డగీత ఉంది చూడండి, ఇన్నేళ్లలో దాని మీదుగా అటూ ఇటూ నడిచింది మీరొక్కరే.

షాపులో ముందు అడిగేది 'ఏ రేంజ్‌లో కావాలి సార్' అని. నా బాధ రేంజ్ కాదు, రంగు. కాషాయం తెస్తే పాస్టర్ గారు నవ్వుతూనే భుజం కొంచెం పక్కకి జరుపుతారు. ఆకుపచ్చ తెస్తే స్వామీజీ శిష్యుడు నా చెవి దగ్గరకొచ్చి 'వేరే రంగు దొరకలేదా అండీ' అంటాడు. తెలుపు వద్దు, పోయినవాళ్ల మీద కప్పేదిలా ఉంటుందని అధ్యక్షులవారి శ్రీమతి గారు తేల్చేశారు. నీలం తెచ్చిన ఏడాది మాత్రం ఎవరూ నోరెత్తి ఒక్క మాట అనలేదు. కాకపోతే ఫొటో తీసే టైముకి ఎవరి భుజం మీదా నీలం లేదు. చివరికి వంకాయ రంగు దగ్గర రాజీ కుదిరింది. గుత్తి వంకాయ మీద ఏ మతానికీ పేచీ లేదు కదా అని కార్యవర్గం చప్పట్లు కొట్టింది. (కొందరు జైనులు వంకాయ తినరని తర్వాత తెలిసింది. అదృష్టవశాత్తూ మా సంఘంలో జైనులు లేరు.)

ఒకసారి పోచంపల్లి చేనేత కొందామన్నాను. ఖరీదెక్కువన్నారు. సరే, పోచంపల్లి అంటే నాకు ఇంకో బేరం గుర్తొస్తుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరి దళితుల్ని ఏం కావాలని అడిగితే వాళ్లు 80 ఎకరాలు కావాలన్నారు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఈ ముక్క మా సభలో చెబితే అధ్యక్షులవారు 'చాలా బాగుంది, సావనీర్‌లో వేద్దాం' అన్నారు. వేశారు కూడా. పక్క పేజీ ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ ప్రకటన.

మా సభ ఏటా సెప్టెంబర్ 11నే. 1893లో ఆ రోజున వివేకానందుడు షికాగోలో మాట్లాడారు కనుక. అధ్యక్షులవారు 'సోదర సోదరీమణులారా' దగ్గర పావుగంట ఆగి, అక్కడి నుంచి నేరుగా వందన సమర్పణకి వచ్చేస్తారు. అదే తేదీన, 1906లో, దక్షిణాఫ్రికాలో, జోహన్నెస్‌బర్గ్ ఎంపైర్ థియేటర్లో ఇంకో సభ జరిగింది. భారతీయులు వేలిముద్రలిచ్చి రిజిస్టర్ చేయించుకోవాలనే చట్టం రాబోతోంది. హిందువులూ ముస్లింలూ ఒకే హాల్లో ఉన్నారు. సేఠ్ హాజీ హబీబ్ లేచి, దీనికి లొంగమని దేవుడి సాక్షిగా ఒట్టు వేద్దామన్నారు. గాంధీ ముందు ఉలిక్కిపడ్డారు. తర్వాత లేచి, ఒట్టు వేస్తే జైలుకెళ్లాల్సి రావచ్చు, దెబ్బలు తినాల్సి రావచ్చు, బాగా ఆలోచించుకోండని హెచ్చరించారు. మా సభలో ఇలాంటి హెచ్చరికలు చెయ్యం. భోజనాలున్నాయి, వెళ్లిపోకండని మాత్రం చెబుతాం.

ఆ తేదీనే కన్నుమూసినాయన ఒకరున్నారు, 2020లో. స్వామి అగ్నివేశ్. పుట్టింది మన శ్రీకాకుళంలోనే, అసలు పేరు వేపా శ్యామరావు. ఆయన గురించి ఐదు నిమిషాలు చెబుతానంటే 'ఆయనది కాంట్రవర్సీ కదండీ' అన్నారు అధ్యక్షులవారు. కాంట్రవర్సీయే. హర్యానాలో కొన్నాళ్లు మంత్రిగిరీ చేశారు, టీవీ రియాలిటీ షోలోకీ వెళ్లొచ్చారు, ఆయన మాటలన్నీ నాకూ మింగుడుపడవు. కానీ 1987లో రాజస్థాన్‌లో ఒక అమ్మాయి సతి పేరుతో కాలిపోతే, ఢిల్లీ నుంచి ఆ ఊరికి సతికి వ్యతిరేకంగా యాత్ర కట్టిన సన్యాసి ఆయన. 2004లో ముస్లిం సంస్కర్త అస్ఘర్ అలీ ఇంజనీర్‌తో కలిపి ఆయనకు, 'ప్రత్యామ్నాయ నోబెల్' అని పిలిచే రైట్ లైవ్లీహుడ్ అవార్డు ఇచ్చారు. 2018 జులైలో జార్ఖండ్‌లోని పాకూర్‌కి ఆదివాసీల సభ కోసం వెళితే, హోటల్ బయట గుంపు కిందపడేసి కొట్టి బట్టలు చించేసింది. అప్పటికి ఆయనకి 78 ఏళ్లు. ఒంటి మీద కప్పడానికే కాదు, ఒంటి మీది గుడ్డ లాగడానికి కూడా మనుషులొస్తారని ఆ రోజు వీడియో చూశాక నాకు అర్థమైంది. మీకు అలాంటి అనుభవం ఉండదు. మీ జరీ పోగు కూడా ఊడదు.

ఇక అసలు విషయానికొస్తాను. కిందటేడు 'సామాజిక న్యాయం' వైపు కూడా ఏదన్నా ఉండాలి కదా అని ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి సన్మానం పెట్టుకున్నాం. ఆమె తెల్లవారుజామున డ్యూటీ చేసి, ఇంటికెళ్లి స్నానం చేసి, పసుపు రంగు చీర కట్టుకుని తొమ్మిదింటికే వచ్చి వెనక వరసలో కూర్చుంది. అధ్యక్షులవారు కారు దిగుతుండగా ఎదురెళ్లి ఒక కాగితం ఇచ్చింది. 'తప్పకుండా చూద్దాం అమ్మా' అన్నారాయన.

ఆమె వంతు వచ్చేసరికి ఒంటిగంటన్నర. నలుగురు మతపెద్దలు నాలుగు మూలలా పట్టుకుని మిమ్మల్ని ఆమెకు కప్పారు. మీరు జారిపోకుండా ఆమె ఒక చేత్తో పట్టుకుంది, రెండో చేతిలో మెమెంటో పెట్టారు. రెండు చేతులూ నిండిపోయాయి. మీ గొప్పతనం అక్కడే ఉందండీ. మిమ్మల్ని కప్పుకున్న మనిషి మైకు కూడా పట్టుకోలేదు.

వేదిక దిగాక నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది: 'బాబూ, ఇది అమ్మితే ఎంతొస్తుంది?'

హోల్‌సేల్‌లో నూట ఎనభై. ఊళ్లో ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు లేడు. నోరు పెగల్లేదు.

పోయిన వారం అధ్యక్షులవారి ఇంటి నుంచి ఒక సంచీ వచ్చింది. లోపల పద్నాలుగు శాలువాలు. 'వచ్చే సభకి ఇవే వాడెయ్యండి, ఖర్చు తగ్గుతుంది' అని కబురు. ఇస్త్రీకి వేశాను. ఇస్త్రీ చేసే అతను ఒక వంకాయ రంగు శాలువా మడత విప్పి, కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. కలరా ఉండల వాసన. నాలుగు నెలల జీతం బకాయి, చీపురు కూడా సొంత డబ్బుతో కొనుక్కుంటున్నాం, చేతి తొడుగులు లేవు. కింద పదకొండు సంతకాలు, రెండు వేలిముద్రలు.

నాకప్పుడు మళ్లీ అగ్నివేశ్ గుర్తొచ్చారు. ఫరీదాబాద్ రాళ్ల క్వారీల్లో వెట్టి చేస్తున్నవాళ్ల గురించి, వెట్టి నుంచి విడిపించడానికి ఆయన పెట్టిన సంస్థ బంధువా ముక్తి మోర్చా 1982లో సుప్రీంకోర్టు జడ్జికి రాసింది ఉత్తరమే. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుని మనుషుల్ని క్వారీలకు పంపింది. ఊపిరాడని దుమ్ము, తాగడానికి మురికి వాగు నీళ్లు, వెళ్లిపోదామంటే వెళ్లనివ్వని యజమానులు. వాళ్లు చూసినదంతా 1983 డిసెంబర్ 16 నాటి తీర్పులోకి ఎక్కింది. ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో పడింది కనుక బతికిపోయింది. మీ చేతిలో పడుంటే ఇంకా మడతలోనే ఉండేది.

కాబట్టి తమకు నా మనవి: ఈ ఏడు రావద్దు. పద్నాలుగు మందినీ ఇస్త్రీ చేయించి సంచీలోనే ఉంచాను. అడిగితే పురుగు కొట్టిందని చెబుతాను. అబద్ధం చెప్పలేకపోతే సెలవు పెడతాను. అదీ చేతకాకపోతే ఎప్పటిలాగే కుర్చీలు లెక్కపెడుతూ కనిపిస్తాను, అప్పుడు మీరే నన్ను క్షమించాలి.

చిత్తగించవలెను.

ఇట్లు,
సంయుక్త కార్యదర్శి

తా.క.: కాగితాన్ని వెనక్కి తిప్పి చూశాను. అధ్యక్షులవారి దస్తూరీలోనే ఆనాటి వక్తల వరస ఉంది. స్వామీజీ 10 ని., పాస్టర్ గారు 10 ని., మౌల్వీ సాబ్ 10 ని., గ్యానీజీ 10 ని. అట్టడుగున: కార్మికురాలు 2 ని., టైముంటే.