వెయ్యి యార్డుల మూఢనమ్మకం

అమెరికన్ ఫుట్‌బాల్ (NFL) ఆటగాళ్లతో మనమే జట్టు కట్టి, వాళ్లను ఏళ్ల తరబడి అట్టేపెట్టుకునే డైనాస్టీ ఫ్యాంటసీ లీగుల్లో ఏటా ఒక సలహా తిరుగుతూ ఉంటుంది: "రూకీ సీజన్‌లో వెయ్యి యార్డులు కొట్టని వైడ్ రిసీవర్‌ని అమ్మేయండి. కొట్టినవాణ్ని పదేళ్లు కదపకండి. ఫస్ట్ రౌండ్ పిక్ అయితే ఇంకేం చూడక్కర్లేదు." (రూకీ అంటే మొదటి ఏడాది ఆటగాడు. వైడ్ రిసీవర్ అంటే ముందుకు పరిగెత్తి బంతి పట్టేవాడు, యార్డులు అలా పట్టి సంపాదించిన దూరం. ఫస్ట్ రౌండ్ పిక్ అంటే, జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే ఎంపికైనవాడు.) మూడు ముక్కలూ తప్పే.

అమ్మేయమనే మాట నా కొంప ముంచింది. హ్యూస్టన్‌లో నికో కాలిన్స్ మొదటి రెండేళ్లలో చేసింది 446, 481 యార్డులు. అది చూసి 2023 డ్రాఫ్ట్‌కి ముందు ఒక సెకండ్ రౌండ్ పిక్‌కి, అంటే రెండో రౌండ్‌లో కొత్త ఆటగాణ్ని ఎంచుకునే హక్కుకి, ఇచ్చేశాను. అవతలివాడు రెండు నిమిషాల్లో యాక్సెప్ట్ కొట్టినప్పుడే నాకు డౌట్ రావాల్సింది. 446 వచ్చింది 14 మ్యాచ్‌ల్లో, 481 వచ్చింది పదింట్లోనే. అంటే మ్యాచ్‌కి 32 నుంచి 48కి పెరిగాడు, అదీ రెండేళ్లలో ఏడు మ్యాచ్‌లే గెలిచిన జట్టులో. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌గా సీజే స్ట్రౌడ్ రాగానే కాలిన్స్ 1,297 కొట్టాడు.

జాక్సన్ స్మిత్-ఎన్‌జిగ్బాదీ అదే కథ. 2023లో మణికట్టు సర్జరీ, జట్టులో తనకన్నా ముందు వరసలో మెట్‌కాఫ్, లాకెట్ అనే రిసీవర్లు, 628 యార్డులు. మరుసటి ఏడాది 1,130.

అందుకే నేను ఇప్పుడు మొత్తం కన్నా రూట్‌కి, అంటే పాస్ కోసం రిసీవర్ తీసే ఒక్కో పరుగుకి, ఎన్ని యార్డులో చూస్తాను. 300 రూట్లు పరిగెత్తి 600 యార్డులు చేసినవాడు, 600 రూట్లలో 900 చేసినవాడికన్నా మెరుగు. ఇదీ రామబాణం కాదనుకోండి. 2015లో గ్రీన్ బే జట్టు ప్రధాన రిసీవర్ జోర్డీ నెల్సన్ గాయంతో సీజనంతా లేకపోతే, అదే జట్టులోని దవాంటే ఆడమ్స్ అన్ని అవకాశాలొచ్చీ 483 యార్డులే చేశాడు. నా లెక్క కూడా వదిలించుకోమనేది. 2016లో 997 యార్డులు, 12 టచ్‌డౌన్లు!

"కొట్టినవాణ్ని కదపకండి" అనేవాళ్లకు మైఖేల్ క్లేటన్ ఒక్కడు చాలు. 2004లో టాంపా బేకి రూకీగా 1,193 యార్డులు చేశాడు. ఆ తర్వాత ఏ సీజన్‌లోనూ 500 దాటలేదు.

ఇక ఫస్ట్ రౌండ్ మాట. 2020లో 21వ పిక్ జేలెన్ రేగర్, 22వ పిక్ జస్టిన్ జెఫర్సన్. రూకీ ఏడాది ఒకరికి 396, ఇంకొకరికి 1,400. ఫస్ట్ రౌండ్ వాడికి జట్టు ఇంకో ఏడాది ఛాన్స్ ఇస్తుంది, నిజమే. కానీ నాలుగో రౌండ్‌లో వచ్చిన ఆమన్-రా సెయింట్ బ్రౌన్ 2021లో ఆ ఛాన్స్‌ని తనే లాక్కున్నాడు: మొదటి 11 మ్యాచ్‌ల్లో కలిపి 39 క్యాచ్‌లు, చివరి ఆరింట్లో 51. మొత్తం 912 యార్డులు. ఈ సూత్రం ప్రకారం వాణ్నీ అమ్మేయాలి.