తుపాకీ చేతులు మారే చోట

అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో మార్టిన్స్‌బర్గ్ అనే చిన్న పట్టణం ఉంది. దేశంలో ఏ మూల నేరం జరిగి, అక్కడ తుపాకీ దొరికినా, దాన్ని మొదట కొన్నదెవరో ఆరా తీసే కేంద్రం అక్కడే. ఆయుధ చట్టాల అమలు చూసే ఏటీఎఫ్ దాన్ని నడుపుతుంది. అంత సంపన్న దేశం కదా, మీట నొక్కితే పేరూ ఊరూ తెర మీదకు వచ్చేస్తాయనుకుంటాం. అక్కడ పేరుకుపోయినవి అట్టపెట్టెలు. మూతపడిన తుపాకీ దుకాణాల రికార్డులన్నీ చట్టప్రకారం ఆ ఊరికే చేరాలి. ఒక దశలో ఆ బరువుకు నేల ఆగదేమోనన్న భయంతో కొన్ని పెట్టెలను ఆవరణలో కంటెయినర్లు తెప్పించి వాటిలో సర్దారు. కాగితాలను స్కాన్ చేస్తారు గానీ అవి ఉత్త ఫొటోలు. పేరు కొట్టి వెతికే వీలు లేదు. ఉద్యోగులు పేజీ తర్వాత పేజీ కళ్లతో చూసుకుంటూ పోవాల్సిందే.

చేతకాక అలా లేదు. తుపాకులున్నవాళ్ల జాబితా కేంద్ర ప్రభుత్వం తయారుచేయరాదని 1986లో చట్టం చేశారు. అందువల్ల ఆరా ఇలా సాగుతుంది: సీరియల్ నంబరు పట్టుకొని తయారీ కంపెనీని అడుగుతారు. కంపెనీ హోల్‌సేలర్ పేరు చెబుతుంది. హోల్‌సేలర్ దుకాణం పేరు చెబుతాడు. దుకాణంలో 4473 అనే ఫారం ఉంటుంది, దాని మీద మొదటి కొనుగోలుదారు సంతకం ఉంటుంది. దారి అక్కడితో ఆఖరు. ఆ మనిషి దాన్ని ఎవరికి అమ్మాడు, ఎవరు దొంగిలించారు, మేనల్లుడికి ఇచ్చాడా, నడిబజారులో పెట్టాడా అన్నది చాలా రాష్ట్రాల్లో ఎక్కడా రాసి ఉండదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగే కుక్కకు కూడా కనీసం ఇల్లు ఏదో తెలుసు.

అమెరికా తుపాకీ వాదన మొదలైనప్పుడల్లా నాకు ఈ పెట్టెలే గుర్తొస్తాయి. తుపాకీ ఉండాలా వద్దా అని రెండు పక్షాలూ అర్ధ శతాబ్దంగా గొంతు చించుకుంటున్నాయి. ఆ తుపాకీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎలా వెళ్తోందన్న ప్రశ్న మాత్రం ఈ పెట్టెల్లో మగ్గుతోంది. ప్రాణాలు పోతున్నది ఎక్కువగా అక్కడే అని నా అభిప్రాయం.

లెక్కలు చూద్దాం. స్మాల్ ఆర్మ్స్ సర్వే 2018లో వేసిన అంచనా ప్రకారం అమెరికా పౌరుల దగ్గర 39.3 కోట్ల తుపాకులున్నాయి. మనుషుల కంటే ఎక్కువ. 2023లో తూటా తగిలి చనిపోయినవారు 46,728 మంది. వారిలో 17,927 మందివి హత్యలు, 27,300 మందివి ఆత్మహత్యలు. టీవీ చర్చల్లో రెండో సంఖ్య వినిపించడం అరుదు. వినిపించేదంతా ఏఆర్-15 రైఫిల్ గురించే. ఎఫ్‌బీఐ 2019 లెక్కలో తుపాకీ హత్యలు పదివేల పైచిలుకు. వాటిలో పిస్టళ్లు, రివాల్వర్ల వంటి హ్యాండ్‌గన్లతో జరిగినవి 6,368. అన్ని రకాల రైఫిళ్లూ కలిపి 364. మూడు వేలకు పైగా హత్యల్లో ఏ రకం తుపాకీయో నమోదు కాలేదు కాబట్టి ఈ అంకెలు కొంత అటూఇటూ కావచ్చు. నిష్పత్తి తలకిందులు కాదు.

అయినా వాదన రైఫిల్ చుట్టూ తిరగడానికి కారణం ఉంది. 2012లో శాండీ హుక్ బడిలో 20 మంది పసివాళ్లు, ఆరుగురు పెద్దలు. 2022లో ఉవాల్డీలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. బడిలో అంతమంది పిల్లల్ని చంపిన ఆయుధాన్ని పక్కనబెట్టి పిస్టళ్ల గురించి మాట్లాడమనడం ఆ తల్లిదండ్రుల దగ్గర నోరెత్తి చెప్పగలిగే మాట కాదు. కానీ అలాంటి రైఫిళ్ల మీద 1994లో పదేళ్ల గడువుతో తెచ్చిన నిషేధం ఏం చేసిందో చూడండి. పిస్టల్ తరహా పిడి ఉందా, కొసకు బాయ్‌నెట్ కత్తి తగిలించే కొక్కెం ఉందా అని రూపురేఖలు చూసి నిషేధించారు. అప్పటికే జనం దగ్గరున్నవాటిని ముట్టుకోలేదు. కంపెనీలు కొక్కెం కోసేసి కొత్త పేరుతో అమ్ముకున్నాయి. 2004లో గడువు తీరింది, పొడిగించలేదు. ఎక్కువ తూటాలు పట్టే మ్యాగజైన్లను ఆపిన నిబంధన మాత్రం అందులో కాస్త పనికొచ్చేదని నేననుకుంటాను. మిగతాదంతా తుపాకీ ముఖం మీద చట్టం చేసినట్టే ఉంది.

ఇక రెండో పక్షం. తుపాకీ హక్కు అనగానే ఎన్ఆర్ఏ అనే లాబీ గుర్తొచ్చి, అంతా డబ్బు మహిమ అని కొట్టిపారేయడం చాలామందికి అలవాటు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ ఆ వాదన పునాదిలో కొట్టిపారేయలేని విషయాలున్నాయి. 1956లో అలబామాలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు పడింది. తర్వాత ఆయన తుపాకీ వెంట ఉంచుకునేందుకు పర్మిట్ అడిగారు. అధికారులు ఇవ్వలేదు. ఎవరికి ఇవ్వాలో తేల్చే విచక్షణ స్థానిక అధికారి చేతిలో ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? 1967లో కాలిఫోర్నియా శాసనసభ భవనంలోకి బ్లాక్ పాంథర్స్ అనే నల్లజాతి సంస్థ కార్యకర్తలు తుపాకులతో నడిచి వెళ్లారు. తూటాలు నింపిన తుపాకీని బాహాటంగా పట్టుకు తిరగడాన్ని నిషేధిస్తూ ఆ ఏడాదే ముల్‌ఫోర్డ్ చట్టం వచ్చింది. దాని మీద సంతకం పెట్టిన గవర్నర్ రొనాల్డ్ రీగన్, దాన్ని సమర్థించినవారిలో ఎన్ఆర్ఏ ఉంది. హక్కు అందరిదీ అని ఇప్పుడు చెబుతున్నవాళ్లు ఆనాడు చేతి రంగు చూసి మాట మార్చారు.

పోలీసులున్నారు కదా, సొంత తుపాకీ ఎందుకు అనే ప్రశ్నకు తుపాకీ పక్షం చూపించే కేసు ఒకటుంది. 1999 జూన్‌లో కొలరాడోలోని క్యాసిల్ రాక్‌లో ఒక తల్లి దగ్గర్నుంచి విడిపోయిన భర్త ముగ్గురు కూతుళ్లను తీసుకెళ్లిపోయాడు. అతను దగ్గరికి రాకూడదని కోర్టు ఉత్తర్వు ఉంది. ఆమె రాత్రి ఏడున్నరకు పోలీసులకు ఫోన్ చేసింది. పది గంటల దాకా చూద్దాం అన్నారు. పదికి చేసింది. అర్ధరాత్రి దాకా చూద్దాం అన్నారు. అర్ధరాత్రి దాటాక స్టేషన్‌కే వెళ్లి కూర్చుంది. తెల్లవారుజామున మూడున్నర కావస్తుండగా అతను ఆ స్టేషన్ ముందుకే వచ్చి కాల్పులు జరిపాడు, పోలీసుల తూటాలకు చనిపోయాడు. ముగ్గురు పిల్లల శవాలు అతని ట్రక్కులో దొరికాయి. ఉత్తర్వు అమలు చేయమని పోలీసులను నిలదీసే రాజ్యాంగ హక్కు ఆ తల్లికి లేదని 2005లో సుప్రీంకోర్టు 7-2తో తేల్చింది. పోలీసు రాకపోతే అడిగేవాడు లేడు, కాబట్టి నా రక్షణ నేనే చూసుకుంటాను అని ఒకరంటే ఏం జవాబు చెబుతాం?

అదే తీర్పులో ఇంకో వాక్యం ఉంది. తుపాకీ పక్షం ఈ కేసు చెప్పేటప్పుడు ఆ వాక్యాన్ని దాటేస్తుంది. అతను కాల్చిన పిస్టల్ ఆ సాయంత్రమే కొన్నది.

సాయంత్రం కొన్నాడు, తెల్లారేలోపు అంతా అయిపోయింది. తల్లి చేతిలో తుపాకీ ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు, వాదించుకోవచ్చు. అతని చేతికి ఆ పూట తుపాకీ రాకుండా ఉంటే ఏమయ్యేదన్నది కూడా అంతే న్యాయమైన ప్రశ్న. ఇంటివాళ్లను హింసించినందుకు కోర్టు కట్టడి చేసిన మనిషి తుపాకీ ఉంచుకోరాదన్న చట్టాన్ని 2024లో రహిమి కేసులో సుప్రీంకోర్టు 8-1తో నిలబెట్టింది. 2008లో హెల్లర్ తీర్పుతో తుపాకీని వ్యక్తిగత హక్కుగా ప్రకటించిందీ ఆ కోర్టే. తుపాకీ హక్కు గురించి చెప్పే 1791 నాటి రాజ్యాంగ రెండో సవరణ పౌరసేన గురించా, పౌరుడి గురించా అన్న పాత తగవును 5-4తో పౌరుడి వైపు తేల్చింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా సైతం ఈ హక్కుకు హద్దులున్నాయని అందులోనే రాశారు. 2022లో బ్రూయెన్ తీర్పు వచ్చాక చిక్కు పెరిగింది. ఇప్పటి ఆంక్షకు దేశ చరిత్రలో పోలిక చూపించాలన్నది కొత్త కొలబద్ద. దాంతో జడ్జీలు రెండు శతాబ్దాల నాటి చట్టాలు తిరగేస్తున్నారు. మార్టిన్స్‌బర్గ్ పెట్టెలకు తోడు ఇదొకటి.

తుపాకులు పెరిగితే నేరాలు పెరుగుతాయా, తగ్గుతాయా? ఎవరికి కావలసిన సంవత్సరం వాళ్లకు దొరుకుతుంది. 1991లో అమెరికాలో 24,703 హత్యలు జరిగాయి. 2014 నాటికి జనాభా పెరిగినా అవి 14 వేల పైచిలుకుకు దిగాయి. ఆ కాలమంతా తుపాకుల అమ్మకాలు సాగుతూనే ఉన్నాయి. సరే, 2020లో హత్యలు ఒక్క ఏడాదిలో దాదాపు 30 శాతం ఎగిశాయి. ఆ ఏడాది తుపాకుల అమ్మకాలూ రికార్డే. ఆత్మరక్షణ లెక్క ఇంకా విచిత్రం. ఏటా 25 లక్షల సార్లు జనం తుపాకీతో తమను కాపాడుకుంటున్నారని 1995లో ఒక ఫోన్ సర్వే చెప్పింది. ప్రభుత్వం జరిపే నేర బాధితుల సర్వేలో ఆ అంకె లక్షకు అటూఇటూ. ఇంత తేడా వచ్చిన కొలతతో విధానాలు నడపలేం. తుపాకీ వెంట ఉంచుకునే హక్కు వల్ల నేరం పెరిగిందనీ, తగ్గిందనీ చెప్పే ఆధారం లేదని 2004లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ చేతులెత్తేసింది. తర్వాతి అధ్యయనాలు చాలావరకు పెరుగుదల వైపే మొగ్గాయి.

కాబట్టి ఎన్ని తుపాకులున్నాయన్నది వదిలి, నేరగాడి చేతికి ఎలా వచ్చిందో అడగడం మేలు. దీనికి జవాబు ఉంది. నేరం చేసేటప్పుడు దగ్గర తుపాకీ ఉన్న ఖైదీలను 2016లో న్యాయశాఖ అడిగింది. దుకాణం వంటి చోట్ల కొన్నవారు పదిమందిలో ఒక్కరు. 43 శాతం మందికి చీకటి బజారులో దొరికింది. పాతికశాతం మంది బంధువుల దగ్గరో, స్నేహితుల దగ్గరో తీసుకున్నారు. సంస్కరణవాదులు తరచూ తిట్టిపోసే గన్ షోల, అంటే తుపాకుల సంతల వాటా ఒక శాతం కూడా లేదు. ఇది చూపించి, చట్టాలు నేరగాళ్లను ఆపవని తుపాకీ పక్షం అంటుంది. నాకు మరోలా కనిపిస్తుంది. చీకటి బజారుకు సొంత ఫ్యాక్టరీ లేదు. ఇంట్లో బిగించుకునే ఘోస్ట్ గన్లను మినహాయిస్తే, అక్కడి తుపాకీ కూడా చాలావరకు ఒకనాడు లైసెన్సున్న దుకాణంలో 4473 ఫారం మీద సంతకంతో అమ్ముడుపోయిందే. మధ్యలో బినామీ కొనుగోలుదారున్నాడు. నేరచరిత్ర లేని చెల్లెలో, స్నేహితురాలో కొని బయటికొచ్చి చేతికిస్తుంది. షికాగోలో పట్టుబడే తుపాకుల్లో సగానికి పైగా ఇతర రాష్ట్రాల నుంచి, ముఖ్యంగా పొరుగున ఉన్న ఇండియానా నుంచి వచ్చినవే. షికాగోలో అన్ని ఆంక్షలున్నా హత్యలు ఆగలేదు చూడండి అనేవాళ్లు కారులో అరగంట ప్రయాణం దూరంలో ఉన్న సరిహద్దును చూడరు.

చేతులు మారే చోట కాపలా పెడితే ఏమవుతుందో రెండు రాష్ట్రాలు చెరోవైపు నుంచి చూపించాయి. కనెక్టికట్ 1995లో హ్యాండ్‌గన్ కొనేవాడు ముందు పర్మిట్ తీసుకోవాలంది. మిస్సోరీలో స్థానిక పోలీసు అధికారి అయిన షెరీఫ్ దగ్గరకు వెళ్లి పర్మిట్ తెచ్చుకునే పాత పద్ధతి ఉండేది, 2007లో ఎత్తేశారు. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకుల లెక్కలో మొదటిచోట తుపాకీ హత్యలు తగ్గాయి, రెండోచోట పెరిగాయి. నేరుగా ఒక అధికారి ఎదుట నిలబడి తన పేరు చెప్పుకోవాలంటే బినామీ వెనకాడతాడు. కింగ్‌కు జరిగింది మళ్లీ జరగకుండా అధికారి విచక్షణ తీసేసి, అర్హతలుంటే ఇచ్చితీరాలని రాయవచ్చు. ఎలాగూ తుపాకీ వెంట ఉంచుకునే పర్మిట్ల విషయంలో బ్రూయెన్ తీర్పు చెప్పిందీ దాదాపు అదే.

ఆస్ట్రేలియాను ఉదాహరణగా చూపడం ఒక ఆనవాయితీ. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మందిని కాల్చిచంపాక అక్కడి ప్రభుత్వం సుమారు ఆరున్నర లక్షల తుపాకులు డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. ఆరున్నర లక్షలెక్కడ, 39 కోట్లెక్కడ. దాన్ని అమెరికాకు ముందుపెట్టడం వాదనకు మంచిది, పనికి కాదు.

అంతకంటే ఇజ్రాయెల్ సైన్యం చేసిన చిన్న మార్పు నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. వారాంతపు సెలవుకు ఇంటికెళ్లే కుర్ర సైనికులు తుపాకీ యూనిట్‌లోనే వదిలివెళ్లాలని 2006లో నియమం పెట్టారు. ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి. తగ్గుదల చాలావరకు వారాంతాల్లోనే, మిగతా రోజుల్లో పెద్ద మార్పు లేదు. ఎవరి హక్కూ తీసేయలేదు, ఎవరి తుపాకీనీ జప్తు చేయలేదు. క్షణికావేశం అని పత్రికల్లో రోజూ రాస్తాం. ఆ క్షణం గడిచిపోయేంత దూరంలో తుపాకీ ఉండటమే అక్కడ జరిగింది. అమెరికాలో ఏటా పోయే ఆ 27 వేల ప్రాణాలకు బినామీలతో గానీ ముఠాలతో గానీ సంబంధం లేదు. తుపాకీ సొరుగులోంచి చేతిలోకి మారుతుంది, అంతే.

2021 నవంబరు 26న మిషిగన్‌లో ఒక తండ్రి పదిహేనేళ్ల కొడుకును వెంటబెట్టుకొని వెళ్లి 9 ఎంఎం పిస్టల్ కొన్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో ఆ కుర్రాడు నలుగురు విద్యార్థులను చంపాడు. 2024లో తల్లికీ, తండ్రికీ వేర్వేరుగా విచారణ జరిగింది. ఇద్దరికీ 10 నుంచి 15 ఏళ్ల జైలు. బడిలో బిడ్డ జరిపిన సామూహిక కాల్పులకు కన్నవాళ్లను నరహత్య కింద దోషులుగా తేల్చడం ఆ దేశంలో అదే మొదలు. పిస్టల్‌తో పాటు దుకాణంవాళ్లిచ్చిన కేబుల్ తాళం ప్యాకెట్ విప్పకుండానే ఇంట్లో దొరికింది. తండ్రి విచారణ చివర్లో ప్రాసిక్యూటర్ ఆ తుపాకీని జ్యూరీ ముందు చేతిలోకి తీసుకొని, కేబుల్ దూర్చి, తాళం వేసి చూపించారు. అందుకు పట్టింది కొద్ది సెకన్లు.