మూడు కాలాల నవలకి వారం వాటా ఎలా వెయ్యాలి

కాలాలు అల్లుకున్న నవలని నలుగురూ కలిసి ఆన్‌లైన్‌లో చదివేటప్పుడు మొదటి తప్పు పుస్తకం తెరవకముందే జరిగిపోతుంది. మొత్తం పేజీల్ని వారాలతో భాగించి వాటాలు వేసేస్తారు. ఒకే కాలంలో సాగే కథకి ఆ లెక్క చాలు. పాయలు పాయలుగా నడిచేదానికి చాలదు.

ఉదాహరణకి ఉద్దానం పల్లెలో ఒక కుటుంబం కథ అనుకుందాం. 360 పేజీలు, 36 అధ్యాయాలు. జమీందారీలు రద్దు కాకముందు బతికిన తాత ఒక పాయ. 1984లో కరణీకం (ఊరి భూముల లెక్కలు రాసే పని) పోయిన కొడుకు రెండోది. 2018లో తిత్లీ తుఫానుకి కూలిన కొబ్బరితోట చూసుకోడానికి బెంగళూరు నుంచి వచ్చిన మనవరాలు మూడోది. ముగ్గురూ వంతులవారీగా వస్తుంటారు. వారానికి 50 పేజీలంటే ఐదు అధ్యాయాలు: తాత, కొడుకు, మనవరాలు, మళ్లీ తాత, మళ్లీ కొడుకు. అక్కడ తెగుతుంది. ఆ వారం మాటలన్నీ చివర చదివిన కొడుకు చుట్టూనే తిరుగుతాయి. ఒక్క అధ్యాయమే దక్కిన మనవరాలిని ఎవరూ తలవరు. పై వారం ఆమె రెండుసార్లు వస్తుంది గానీ, అప్పటికి ఆమె ఊరెందుకు వచ్చిందో కొందరికి గుర్తే ఉండదు. అదే వారానికి రెండు చుట్లు, అంటే ఆరు అధ్యాయాలు పెట్టుకుంటే అయ్యేది 60 పేజీలే. ఆరు వారాల్లో పుస్తకం పూర్తవుతుంది, ప్రతి వారం మూడు కాలాలూ చర్చకొస్తాయి.

అన్ని నవలలూ ఇంత బుద్ధిగా తిరగవు. ఒక పాయని నాలుగైదు అధ్యాయాలు కావాలనే వదిలేసే రచయితలుంటారు. అందుకే వాటా వేసేవారు ఒకరు ముందే పుస్తకం మొత్తం చదివి, ఆ పాయ తిరిగొచ్చే అధ్యాయానికి ముందు ఆపాలి. తిరిగొచ్చాక ఊహించడానికేం మిగలదు. ఊహ తప్పినా ఫర్వాలేదు, ఏ ఆధారంతో ఊహించారో అడగొచ్చు.

రెండో తప్పు, నా లెక్కలో ఇదే పెద్దది, కథని వెంటనే తేదీల వరసలో పెట్టేయాలన్న ఆత్రం. రెండో వారానికే ఎవరో ఒకరు గూగుల్ షీట్ తెరిచి 1942 నుంచి 2018 దాకా జరిగినవన్నీ రాసేస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ 1984 పక్కనే 2018ని ఎందుకు పెట్టారన్న ప్రశ్న ఆ వరసలో మాయమైపోతుంది. కరణం రికార్డులు అప్పగించిన అధ్యాయం అయిన వెంటనే మనవరాలు నష్టపరిహారం జాబితాలో తోట ఎవరి పేరున ఉందో వెతుకుతోందంటే, నవల ఆ కాగితాన్ని చూడమంటోంది. ఏళ్ల వరసలో ఆ రెండు సంఘటనలూ విడిపోయి చెరో మూలా పడతాయి.

షీట్ ఉండాల్సిందే, అధ్యాయాల వరసలో ఉండాలి. ఐదు కాలమ్‌లు చాలు: అధ్యాయం, కథ జరిగే సంవత్సరం, ఎవరి కళ్లతో చూస్తున్నాం, ముందు అధ్యాయంతో కలిపే వస్తువో మాటో, ఇంకా తెలియనిది. చివరిది ఎంత నిండితే చర్చ అంత బాగుంటుంది. ఇక్కడో ప్రమాదం ఉంది. ఎవరో సంవత్సరం కాలమ్ ఒక్కదాన్నే ఎంచుకుని సార్ట్ నొక్కుతారు. ఏళ్లు కదులుతాయి, పక్కవి కదలవు, తాత చావు 2018లో పడుతుంది. మార్చే అనుమతి ఇద్దరికే ఇచ్చి, మిగతావాళ్లకి కామెంట్ పెట్టే వీలు ఉంచితే ఈ బాధ తప్పుతుంది. తేదీల వరస కావాలంటే పుస్తకం అయిపోయాక ఒక నకలు తీసి అందులో చేసుకోవచ్చు.

సంవత్సరం వెయ్యకుండా మొదలయ్యే అధ్యాయాల దగ్గర మన ఉత్తరాంధ్ర జిల్లాల పాఠకులకి ఒక సౌలభ్యం ఉంది. ఇక్కడ జిల్లా పేరే సగం తేదీ చెప్పేస్తుంది. ఉత్తరం మీద ‘సోంపేట, గంజాం జిల్లా’ అని ఉంటే అది 1936 ఏప్రిల్‌కి ముందుది. అప్పుడు ఒడిశా వేరే రాష్ట్రమై, సోంపేట విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. 1950 ఆగస్టు నుంచి శ్రీకాకుళం. పార్వతీపురం సంగతి మరీ విచిత్రం, ఉన్నచోటే ఉండి నాలుగు జిల్లాలు చూసింది: 1950 దాకా విశాఖపట్నం, 1979 దాకా శ్రీకాకుళం, 2022 దాకా విజయనగరం, ఆపైన పార్వతీపురం మన్యం. తాలూకాలు పోయి మండలాలు వచ్చింది 1985లో. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. అయితే ఇవన్నీ కథ చెప్పే గొంతులో కనిపిస్తేనే గట్టి ఆధారాలు. పాత్రల నోట వస్తే జాగ్రత్తపడాలి. పావలా చెలామణీ 2011 జూన్‌తో ఆగిపోయినా మాటల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. ‘మా తాలూకా’ అనే ముసలాయన 2018 అధ్యాయంలోనూ ఉండొచ్చు.

తేదీ చెప్పినట్టే కనిపించి చెప్పనివీ ఉంటాయి. విజయనగరం సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. ఏటా వచ్చేదే కాబట్టి దాన్ని బట్టి రోజులు తెలుస్తాయి, ఏడు తెలీదు. రెండు పాయల్ని కలపడానికి రచయితలు పండగల్ని వాడుకునేది అందుకే. ఒక పేరాలో పిల్లాడు తండ్రి భుజాలెక్కి సిరిమాను చూస్తుంటాడు, కింది పేరాలో వాడి భుజాల మీద ఇంకో పిల్లాడుంటాడు. మధ్యలో పాతికేళ్లు గడిచినట్టు ఎవరూ చెప్పరు. తుఫానులదీ అదే తంతు. ఫైలిన్ 2013 అక్టోబర్ 12, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12, తిత్లీ 2018 అక్టోబర్ 11. ‘అక్టోబర్ గాలివాన’ అని వదిలేస్తే ఏం విరిగిందో చూడాలి. విశాఖ నగరం చెల్లాచెదురైతే హుద్‌హుద్. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైతే చాలావరకు తిత్లీయే, కాకపోతే ఫైలిన్ కూడా ఆ తోటల్ని వదల్లేదు కనుక ఇంకో ఆధారం దొరికేదాకా గడిలో ప్రశ్నార్థకం ఉంచాలి. ఈ వేటకి పది నిమిషాలు హద్దు పెట్టకపోతే మాత్రం ‘మాస్టారూ, ఆ ఊరు కవిటా, మందసా’ అన్న వాదనతోనే సమావేశం సరి.

పేర్ల గొడవ మనకి మరీ ఎక్కువ. తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ కాబట్టి అప్పన్నలు ఇద్దరుంటారు. షీట్‌లో పెద్ద అప్పన్న, చిన్న అప్పన్న అని రాసుకోవాలి. ఎవరో తేలని చోట ‘ఏ అప్పన్న?’ అని చివరి కాలమ్‌లో పడేయండి. రచయిత కావాలనే తేల్చకపోయుండొచ్చు.

కొన్ని తికమకలకి రచయిత బాధ్యుడే కాడు. అచ్చు పుస్తకంలో కాలం మారేచోట ఒక ఖాళీ వరసో మూడు చుక్కలో ఉంటాయి. ఈ-బుక్‌గా మార్చేటప్పుడు అవి ఎగిరిపోతే, ఒక పేరా 1984లో, కింది పేరా 2018లో ఉన్నా అంతా ఒకే రోజులా చదువుకుంటారు. ఆడియోలో వినేవాళ్లకి ఆ ఖాళీ అసలే వినపడదు. అందుకని బృందంలో ఒక్కరి దగ్గరైనా అచ్చు ప్రతి ఉండి, విరుపులున్న చోట్లు ముందే చెప్పాలి. అక్షరం సైజు మారిస్తే ఫోన్లో పేజీ నంబర్లూ మారిపోతాయి కనుక అధ్యాయం సంఖ్యతో, పేరా మొదటి మాటలతో చెప్పడం మేలు. కొత్త బృందం నేరుగా 360 పేజీల్లోకి దిగకుండా, కాలాలు మారే చిన్న కథ ఒకటి ముందు చదువుకుంటే బాగుంటుంది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం వెబ్‌సైట్‌లో పాత కథలు స్కాన్‌లుగా దొరుకుతాయి. పత్రిక పేజీలో విరుపు ఎలా కనిపించేదో అక్కడ చూడొచ్చు.

ముందే చదివేసినవాళ్లకి వేరే వాట్సాప్ గ్రూపు పెట్టాలి. ఇలాంటి నవలలో ముగింపు చెప్పేయడం ఒక్కటే నేరం అనుకుంటారు. ‘ఆ పిల్ల ఎవరో తర్వాత తెలుస్తుంది లెండి’ అన్నా చాలు, రెండు పాయలకీ చుట్టరికం ఉందని చెప్పేసినట్టే.

జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలే. వారపత్రికల సీరియళ్లకి ‘జరిగిన కథ’ ఉండేది చూడండి, అలా ఐదు నిమిషాలు చెప్పుకోవాలి, అధ్యాయాల వరసలోనే. మిగతా సమయం ఆ వారం అధ్యాయాల్లో కాలాలు ఎక్కడ ముడిపడ్డాయో మాట్లాడుకోడానికి. ఆదివారం రాత్రి 8:30 అంటే దుబాయ్‌లో 7 గంటలు, న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం 11, చలికాలంలో 10. మార్చి, నవంబర్లలో అక్కడ గడియారం మార్చినప్పుడల్లా అమెరికా సభ్యులకి ముందురోజే గుర్తుచేయాలి.

ఏడో వారం ఒక పరీక్ష పెట్టుకోండి. సభ్యుల్ని మూడుగా విడగొట్టి, ఒక్కో జట్టుని ఒక్కో పాయలోని 12 అధ్యాయాలూ వరసగా తిరగేయమనండి. విడిగా చదివినప్పుడు ఏ వాక్యం అర్థం మారిందో రాసుకోవాలి. ‘ఈ తోట మీ తాత నాటిందే’ అని కొడుకు కూతురితో అంటే, ఆమె పాయలో అది మామూలు మాట. తాత అధ్యాయం చదివొచ్చినవాళ్లకి అది అబద్ధం. అలాంటివి పది దొరికితే అల్లికకి పని ఉన్నట్టు. ఒక్కటీ దొరక్కపోతే, ఈమధ్య నవలల్లో కనిపించే మోజు కొద్దీ మూడు చిన్న నవలల్ని ముక్కలు చేసి ఒకే అట్టలో కుట్టేశారని నిర్మొహమాటంగా రాయొచ్చు.