వేలమైనా కొనుగోలే

ఊళ్లో చెరువు వేలంపాట జరిగితే ఎవరు పాడుతున్నారో నలుగురికీ కనిపిస్తుంది. ఎదుటివాడి ముఖం చూసి ఆగాలో పెంచాలో తేల్చుకోవచ్చు. ఫోన్‌లో జరిగే వేలంలో ఆ వీలు లేదు. 'మీకంటే ఎక్కువ పాడారు' అని సందేశం వస్తుంది. పాడింది నిజమైన కొనుగోలుదారుడో, ధర పెంచడానికి అమ్మేవాడే తెరిచిన దొంగ ఖాతానో తెలిసే దారి లేదు.

గోదావరి డెల్టాలోనూ ఇలా కొనేవాళ్లున్నారు. ఫైనాన్స్ వాళ్లు స్వాధీనం చేసుకున్న ట్రాక్టర్లు, ఆటోలు, డీజిల్ ఇంజన్లు, రొయ్యల చెరువుల నీటిలో ఆక్సిజన్ కలిపే ఏరేటర్లు వేలానికి వస్తున్నాయి. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి, ఆకివీడు వైపు రైతు ఒకరు పాత ఏరేటర్ పాడుకున్నారనుకోండి. ఫొటోలో కొత్త పెయింటుతో మెరిసింది. తీరా పార్సిల్ విప్పితే మోటారు ప్లేటు మీద నంబరు గీకేసి ఉంది. గంట తిరిగేసరికి వైండింగ్ కాలిన వాసన. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయే వేళ అది ఆగిపోతే పోయేది మోటారు ఖరీదొక్కటే కాదు, పంట మొత్తం. ఫోన్ చేస్తే వచ్చే జవాబు ఒకటే: 'వేలంలో కొన్నది కదండీ, ఉన్నది ఉన్నట్టే తీసుకోవాలి.'

ఈ జవాబును మేం ఒప్పుకోం. కాలిన మోటారును బాగున్నట్టు చూపించి అమ్మితే అది మోసమే. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ఆన్‌లైన్ కొనుగోళ్లకూ వర్తిస్తుంది. అదే నెలలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న సరుకును, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోనంటే కుదరదు. అమ్మేవారి పేరు, చిరునామా సైటు చూపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. దొంగ పాటలతో ధర పెంచితే ఆ కొనుగోలును రద్దు చేసుకునే హక్కు 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోనే ఉంది.

అయినా సందులున్నాయి. బహిరంగ వేలంలో స్థలం పాడుకున్నవారు ఈ చట్టం దృష్టిలో వినియోగదారులు కారని 2009లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అది ముందే వెళ్లి చూసుకోగలిగిన స్థలాల సంగతి. ఫొటో చూసి కొన్న మోటారుకు దాన్ని అడ్డం పెట్టుకోవడం అన్యాయం. తన పాత వస్తువును ఎప్పుడో ఒకసారి అమ్ముకునే మామూలు మనిషికి ఈ-కామర్స్ నిబంధనలు వర్తించవు. తిరిగి అమ్మడానికి కొంటే మీరు వినియోగదారు కారు. కానీ స్వయంగా పనిచేసుకుంటూ బతుకుదెరువు కోసమే కొని వాడుకునే రైతును, మెకానిక్‌ను 'మీది కమర్షియల్' అని వెళ్లగొట్టలేరు. ఈ మాట విని వెనక్కి తగ్గొద్దు.

డబ్బు కట్టేముందే ప్రకటనను, అమ్మేవారి మాటలను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి. పార్సిల్ విప్పుతూ వీడియో తీయాలి. సైటు బయట ఫలానా నంబరుకు డబ్బు పంపమంటే అక్కడితో ఆగిపోవాలి. అప్పటికే పంపి మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. సరుకులో లోపమైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు ఉంటున్న చోటే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు, రూ.5 లక్షల వరకు ఫీజు లేదు, లాయరును పెట్టుకోవాలన్న నిబంధనా లేదు.

ఇంత ఉన్నా గోదావరి మధ్య లంక గ్రామాల మనిషికి కమిషన్ దాకా వెళ్లడమంటే రేవు దాటి, బస్సులు మారి, ఒక రోజు కూలి వదులుకోవడం. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు వేయవచ్చు గానీ, కాగితాలు స్కాన్ చేసి ఎక్కించడం అందరివల్లా అయ్యేది కాదు. ఆ పనిని గ్రామ సచివాలయాలకు అప్పగించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాం. కేంద్రం ఈ-కామర్స్ నిబంధనల్లో వేలానికి విడిగా ఒక భాగం చేర్చాలి. ఎవరు ఎప్పుడు ఎంత పాడారో కొనుగోలుదారుకు చూపించాలి, సరుకు చేతికి అంది పరీక్షించుకునేదాకా డబ్బు అమ్మినవారికి చేరకుండా సైటే ఆపి ఉంచాలి.