సవరణ: సంఖ్యలు సమానమైనంత మాత్రాన జతలు కావు

చెన్నైలో స్టాటిస్టిక్స్ మొదటి సంవత్సరం చదువుతున్న మన తెలుగు విద్యార్థుల కోసం ఇంతకుముందు రాసిన వివరణలో, రెండు నమూనాల సగటులను పోల్చేటప్పుడు వాటిలో పరిశీలనల సంఖ్య సమానంగా ఉంటే పెయిర్డ్ (జతల) టీ-టెస్ట్, లేకుంటే ఇండిపెండెంట్ (స్వతంత్ర నమూనాల) టీ-టెస్ట్ వాడాలని చెప్పాను. అది తప్పు. ప్రామాణిక పాఠ్యపుస్తకాల ప్రకారం పరీక్షను నిర్ణయించేది సంఖ్య కాదు, దత్తాంశాన్ని సేకరించిన తీరు.

నుంగంబాక్కం, మీనంబాక్కం వాతావరణ కేంద్రాల గరిష్ఠ ఉష్ణోగ్రతలను అవే 12 తేదీలకు తీసుకుంటే, ప్రతి తేదీ ఒక జత అవుతుంది కనుక, తేదీవారీగా తేడాలు కట్టి వాటి సగటును సున్నాతో పోల్చాలి. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (స్వేచ్ఛగా మారగల విలువల సంఖ్య) 12 − 1 = 11. (వరుస రోజుల ఉష్ణోగ్రతలు ఒకదానిపై ఒకటి ఆధారపడతాయి కాబట్టి తేదీల మధ్య ఎడం ఉండడం మంచిది.) ఒక్కో కేంద్రానికి విడివిడిగా, యాదృచ్ఛికంగా 12 రోజులు ఎంచుకుంటే మాత్రం ఏ విలువకూ అవతలి వైపు జోడీ ఉండదు, అక్కడ ఇండిపెండెంట్ టెస్టే సరైనది, విస్తృతులు (వేరియన్స్‌లు) సమానమనుకుంటే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 12 + 12 − 2 = 22.

ఈ తేడా చిన్నది కాదు. ‘స్టూడెంట్’ అనే కలంపేరుతో గణాంక శాస్త్రవేత్త గాసెట్ 1908లో ప్రచురించిన వ్యాసంలోని నిద్ర దత్తాంశంలో, అదే 10 మంది రోగులపై రెండు మందులను పరీక్షించారు. దాన్ని జతలుగా విశ్లేషిస్తే పీ-విలువ (నిజానికి తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత) సుమారు 0.003 వస్తుంది, జతలను విస్మరించి స్వతంత్ర నమూనాలుగా చూస్తే 0.079 వస్తుంది, అంటే 5 శాతం స్థాయిలో శూన్య పరికల్పనను (రెండు మందుల మధ్య తేడా లేదన్న ఊహను) తిరస్కరించలేము.