మామూలు కాగితమేనట!

"కాగితం మీద గీయండి చాలు, బొమ్మ కంప్యూటర్లో ప్రత్యక్షం" అంటారు డిజిటల్ పెన్నులు అమ్మేవాళ్ళు. ఏ కాగితం? కెమెరా ఉన్న డిజిటల్ పెన్నుకు చుక్కల కాగితమే కావాలి. సుమారు 0.3 మిల్లీమీటర్ల ఎడంతో అచ్చేసిన ఆ చుక్కల్ని చూసే పెన్ను తానెక్కడుందో లెక్క కడుతుంది. చుక్కలు కనపడలేదా, గీత తెగిందన్నమాటే.

ముందు పెన్సిల్‌తో స్కెచ్ వేద్దామంటే గ్రాఫైట్‌లోని కార్బన్, పెన్ను కెమెరా చూడ్డానికి వాడే ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని) వెలుగును మింగేసి చుక్కల్ని కప్పేస్తుంది. స్కేలు ఆనిస్తే కెమెరాకే అడ్డం. పట్టింది కదా అని ఏదో రీఫిల్ దూర్చినా, ఇంకులో కార్బన్ ఉంటే మళ్ళీ అదే గొడవ.

అసలు ఒళ్ళు మండేది కొత్త పుస్తకం తెరిచినప్పుడు. పాతదాని చుక్కలే ఇందులోనూ ఉంటే పెన్ను దృష్టిలో రెండూ ఒకటే! పాతదాన్ని యాప్‌లో ఆర్కైవ్ చేయకపోతే (విడిగా దాచేయకపోతే) కొత్త బొమ్మ వెళ్ళి పాత బొమ్మ మీద పడుతుంది.

ఇన్ని దాటుకుని ఎస్‌వీజీ ఫైలు (బొమ్మను గీతలుగానే దాచే ఫైలు) తెరిస్తే, షేడింగ్‌లో వేసిన ప్రతి గీతా విడి పాత్, అంటే దేనికది వేరే ముక్క. రంగు నింపుదామంటే ఒక్క ఆకారానికీ అంచులు కలవవు. చేత్తో ఒక్కొక్క కొసా పట్టుకుని అతికించాలి. (దీనికన్నా ఫొటో తీసి ట్రేస్ చేసుకోవడమే నయం.)